మరకకి కారణం ఉండాలి

ముందే చెప్తున్నా, ఇది ఒక బొమ్మ విమానం గురించిన వ్యాసం. నేను "స్కేల్ మోడల్" అంటా. మా రూమ్మేట్ "నీ బొమ్మ" అంటాడు. సెకండియర్‌కొచ్చి, డేటా స్ట్రక్చర్స్ అసైన్‌మెంట్ పక్కన పెట్టి, సన్న బ్రష్‌తో ప్లాస్టిక్ ముక్కకి రంగులేస్తూ కూర్చున్నోణ్ణి చూస్తే ఎవరైనా అట్లనే అంటారు. వాడి తప్పేం లేదు.

తెలుగులో ఇంత పొడుగు రాయడం పదో తరగతి పరీక్ష తర్వాత ఇదే మొదటిసారి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. కాబట్టి భాషలో తప్పులుంటే క్షమించండి. విషయంలో తప్పుంటే మాత్రం వదలొద్దు, వచ్చి అడగండి.

నా వాదన ఒక్కటే. మోడల్ విమానం మీద మనం వేసే ప్రతి మరకకీ ఒక కారణం ఉండాలి. కారణం తెలియకపోతే ఆ మరక వేయకూడదు. ఇది చాలా చిన్న విషయంలా అనిపిస్తుంది. నాక్కూడా మొన్న దసరా సెలవుల దాకా అట్లనే అనిపించింది.

నా టేబుల్ మీద తయారైన విమానం హాకర్ టెంపెస్ట్ మార్క్ 2. స్కేల్ 1/72. అంటే అసలు విమానంలో 72 సెంటీమీటర్లు ఉన్నది మోడల్‌లో ఒక సెంటీమీటరు. అసలుదాని రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 12.5 మీటర్లు. నా దానివి 17 సెంటీమీటర్లు చిల్లర. ముక్కులో బ్రిస్టల్ సెంటారస్ ఇంజిన్, 18 సిలిండర్లు. రెక్కల్లో నాలుగు 20 ఎంఎం కెనన్ గన్లు. రెక్కల కింద బాంబులో రాకెట్లో మోసుకుపోగలదు.

స్పిట్‌ఫైర్, మస్టాంగ్ లాంటి ఫేమస్ విమానాలుండగా ఇదెందుకు అంటే, ఇది మా ఊరి వైపు వచ్చింది కాబట్టి.

మాది సూర్యాపేట జిల్లా మోతె. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఉంటుంది. 1948లో ఇదంతా నిజాం రాజ్యం. తమాషా ఏంటంటే, పక్కనే ఉన్న మునగాల పరగణా మాత్రం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాది. చుట్టూ నిజాం, మధ్యలో ఒక ముక్క ఇండియా. ఆ ఏడాది సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. ఆపరేషన్ పోలో అన్నారు, పోలీస్ యాక్షన్ అన్నారు. తూర్పు నుంచి వచ్చిన దళాలు విజయవాడ వైపు నుంచి బయల్దేరి కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేటకి వచ్చాయి. మనం విజయవాడ బస్సెక్కి నిద్రపోతూ దాటేసే దారే అది. సూర్యాపేట దగ్గర ముందు విమానాలు దాడి చేశాయి, తర్వాత గూర్ఖా సైనికులు పట్టణంలోకి వచ్చారు. వెనక్కి పోతూ నిజాం సైన్యం మూసీ మీద వంతెన పేల్చేసింది. సెప్టెంబర్ 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. ఆ ఐదు రోజుల్లో మన వైమానిక దళం దాడులకి వాడిన విమానం టెంపెస్ట్.

నేను ఇది స్కూల్లో చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధం విమానాల గురించి చదువుతుంటే మధ్యలో "సూర్యాపేట" అని కనిపించింది. లండన్, బెర్లిన్, టోక్యో అని చదువుతూ చదువుతూ సడెన్‌గా మా బస్టాండ్ పేరు వచ్చినట్టయింది. రెండు నెలల పాకెట్ మనీ దాచి కిట్ ఆర్డర్ పెట్టా.

ఇక పని. దీని గురించి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. ముక్కలు అతికించడం అసలు పనిలో సగం కూడా కాదు. ముందు ప్రైమర్, తర్వాత రంగులు. నేను వేసింది యుద్ధం చివర్లో బ్రిటిష్ ఫైటర్లకి వాడిన స్కీము. పైన ముదురు ఆకుపచ్చ, దాని పక్కన బూడిద రంగు మచ్చలు, కింద లేత బూడిద రంగు. ఎయిర్‌బ్రష్ కొనే స్తోమత లేదు. మామూలు బ్రష్‌తో, పల్చగా నీళ్ళు కలిపి, ఒక పూత ఆరాక ఇంకో పూత. నాలుగైదు పూతలు పడితే గానీ బ్రష్ గీతలు పోలేదు.

తర్వాత డీకాల్స్, అంటే గుర్తులు, నంబర్లు ఉండే పల్చటి స్టిక్కర్లు. గోరువెచ్చటి నీళ్ళలో ఒక నిమిషం నానబెడితే కాగితం నుంచి జారతాయి. జారుడు ఉన్నప్పుడే విమానం మీదకి లాగి సరైన చోట కూర్చోబెట్టాలి. నేను మొదటిసారి పెద్ద తప్పు చేశా. మ్యాట్ రంగు మీద డైరెక్టుగా అతికించా. మ్యాట్ అంటే గరుకు. ఆ గరుకు సందుల్లో గాలి ఇరుక్కుని, డీకాల్ చుట్టూ తెల్లగా వెండి పొర లేచింది. చూస్తే ఎవరికైనా అది స్టిక్కర్ అని తెలిసిపోతుంది. ముందు మెరుపు వార్నిష్ వేసి ఉపరితలాన్ని అద్దంలా నున్నగా చేయాలి, అప్పుడు డీకాల్, దాని మీద మళ్ళీ వార్నిష్, చివర్లో మ్యాట్ వేసి మెరుపు చంపాలి. మెరుపు తెచ్చేది దాన్ని చంపడానికే. ఇది తెలియడానికి నాకు ఒక డీకాల్ షీటు సగం ఖర్చయింది.

ఆ డీకాల్‌తోనే నాకు మొదటి అనుమానం వచ్చింది. ఇప్పుడు మన వైమానిక దళం గుర్తు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు. అది 1950లో గణతంత్రం వచ్చినప్పటిది. 1948లో ఆ గుర్తు లేదు. తెల్లటి వలయంలో నీలం అశోక చక్రం ఉండేది. దళం పేరు కూడా అప్పటికి "రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్". స్వతంత్రం వచ్చి ఏడాది దాటినా పేరులో రాజుగారు ఉన్నారు. నేను తొందరపడి మూడు రంగుల గుర్తు అతికించి ఉంటే చూడ్డానికి ఇంకా దేశభక్తిగా ఉండేది. కానీ తప్పు. ఈ తప్పు పట్టుకోవడం తేలిక, ఎందుకంటే దీనికి తేదీ ఉంది. మరకలకి తేదీ ఉండదు. అక్కడే మనం అబద్ధాలు ఆడతాం.

వెదరింగ్ అంటే అదే. కొత్తగా మెరిసే మోడల్‌ని ఎండకీ వానకీ యుద్ధానికీ వాడినట్టు చేయడం. ప్యానెళ్ళ సందుల్లో నల్లటి పల్చటి రంగు పారించి తుడిచేయడం, స్పాంజితో వెండి రంగు అద్ది పెయింట్ లేచిపోయినట్టు చూపించడం, ఎగ్జాస్ట్ గొట్టాల వెనక మసి రుద్దడం, టైర్లకి మట్టి పూయడం. ఈ హాబీలో అందరికీ ఇష్టమైన భాగం ఇదే. ఎంత మురికి చేస్తే అంత "రియలిస్టిక్" అంటారు. నేనూ అట్లనే అనుకున్నా.

దసరాకి ఇంటికి పోయేటప్పుడు మోడల్‌ని చెప్పుల డబ్బాలో దూది పెట్టి తీసుకుపోయా. నా ప్లాన్ ఏంటంటే, మా చెలక ఎర్రమట్టి తెచ్చి, ఎండబెట్టి, బట్టలో జల్లెడ పట్టి, ఆ మెత్తటి పొడినే విమానానికి వాడాలని. సూర్యాపేట మీదకి వచ్చిన విమానానికి సూర్యాపేట మట్టి. ఐడియా నాకే ఎంత నచ్చిందంటే, ఫోటో కింద ఏం రాయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నా.

అరుగు మీద కూర్చుని టైర్లకి పొడి అద్దుతుంటే మా నాయనమ్మ వచ్చింది. పోలీస్ యాక్షన్ అప్పుడు తనకి ఏడెనిమిదేళ్ళు.

"ఏంది బిడ్డా గది?"

"విమానం, నాయనమ్మా. రజాకార్లప్పుడు మన దిక్కు వచ్చినయి ఇట్లాంటియే."

చేతిలోకి తీసుకుంది. నా గుండె ఆగింది, యాంటెన్నా విరుగుతుందని. తను మాత్రం దాన్ని తిరగేసి, తల పైకెత్తి, చేయి చాపి దూరంగా పెట్టి చూసింది.

"పైన ఎట్లుండెనో మాకేం ఎరుక? మేం జూసింది దీని కడుపే."

ఇంకేం గుర్తుందని అడిగా. చాలా ఏం చెప్పలేదు. "సప్పుడు రాంగనే జొన్నచేన్లకు ఉరికినం. మా నాయిన బోర్ల పండుకోమన్నడు. నోట్లకు మన్ను వోయింది. జరసేపటికి సప్పుడు వోయింది. గంతే." చక్రం గుర్తు కనిపించిందా అని అడిగా. నా వైపు పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత నా చేతిలో ఉన్న ఎర్ర పొడి చూసింది.

"మన్నెందుకు పూస్తున్నవ్?"

"అసలు దానిలెక్క కనబడాలని."

"గది మన ఊర్ల దిగలే గద బిడ్డా. మన మన్ను దానికెట్ల అంటుద్ది?"

నేను ఈ హాబీ గురించి చూసిన వీడియోలన్నీ, చదివిన పేజీలన్నీ కలిపినా ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నిజమే. ఆ విమానం ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎయిర్‌ఫీల్డ్ నుంచి లేచింది, మళ్ళీ అక్కడే దిగింది. మా మట్టి దాని టైరుకి ఎప్పుడూ తగల్లేదు. పైగా అది సెప్టెంబర్, వానాకాలం. టైర్లకి అంటితే బురద అంటుతుంది గానీ ఎండాకాలం ఎర్ర దుమ్ము కాదు. ఆ రోజు మోతె మట్టి జొన్నచేలో బోర్లా పడుకున్న ఒక ఏడేళ్ళ పిల్ల నోట్లో ఉంది. నేను దాన్ని తీసి విమానానికి పూస్తున్నా, అందంగా ఉంటుందని.

తడిబట్టతో మొత్తం తుడిచేశా.

అప్పటి నుంచి నేను ఒక పని చేస్తున్నా. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి, వేయాలనుకున్న ప్రతి మరక పక్కన దాని కారణం ఒక లైన్లో రాస్తున్నా. మన కోడ్‌కి కమిట్ మెసేజ్ రాసినట్టు. "ఊరికే, బాగుంది కాబట్టి" అని రాయాల్సి వస్తే ఆ మరక రద్దు. లిస్టు ఇట్లా వచ్చింది. ముక్కుకి రెండు పక్కలా ఎగ్జాస్ట్ గొట్టాల వెనక మసి: కారణం, సెంటారస్ ఇంజిన్ పొగ, గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, కాబట్టి మసి కూడా వెనక్కే సాగాలి. కడుపు కింద సన్నటి నూనె గీతలు: ఇలాంటి పెద్ద రేడియల్ ఇంజిన్లు నూనె కారుస్తాయి. రెక్క మొదట్లో పెయింట్ లేచిన గీతలు: పైలట్, మెకానిక్కులు అక్కడే కాలు పెట్టి ఎక్కుతారు. రెక్క మధ్యలో గీతలు: ఎవరూ నడవరు, రద్దు. టైర్లకి ఎర్ర దుమ్ము: రద్దు. వందల తుప్పు మరకలు: విమానం పైతొడుగు అల్యూమినియం, ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు, రద్దు. నేను వేయాలనుకున్న వాటిలో సగం పోయాయి.

ఒకటి మాత్రం రాయడానికి చాలా టైమ్ పట్టింది. గన్ల దగ్గర రెక్క అంచున నల్లటి మసి. మోడల్ చేసేవాళ్ళంతా అది వేస్తారు, చూడ్డానికి పవర్‌ఫుల్‌గా ఉంటుంది. కారణం ఏం రాయాలి? "గన్లు పేల్చింది." ఎవరి మీద? ఆ లైను రాస్తుంటే ముందు వేసిన మరకల్లా రాయలేకపోయా. ఆ ఆపరేషన్‌లో ఈ విమానాలు చేసిన పని నేల మీద ఉన్నవాళ్ళ మీద దాడి. కాబట్టి మసి నిజమే. వేశా. కానీ అది స్టైల్ కోసం కాదని, అది ఒక పని జరిగిందని ఒప్పుకోవడమని తెలిసి వేశా.

దీని మీద నాకు వచ్చిన ఎదురు వాదన కూడా చెప్పాలి. మా సీనియర్ ఒకన్న అన్నాడు: "మోడలే ఒక అబద్ధం కదరా. నిజమైన విమానంలో ప్యానెల్ సందు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. 72తో భాగిస్తే అది కంటికి కనిపించనే కనిపించదు. నువ్వు దాన్ని నల్లగా గీసి చూపిస్తున్నావ్. అది అబద్ధం కాదా?" మంచి పాయింట్. లెక్క కూడా కరెక్టే. రంగు విషయంలోనూ అంతే, చిన్న వస్తువు మీద అసలు రంగు ముదురుగా కనిపిస్తుందని కొంచెం తెలుపు కలుపుతాం.

నా జవాబు ఇది. కార్టూన్‌లో మనిషి చుట్టూ నల్ల గీత ఉంటుంది. మనుషులకి నల్ల గీతలుంటాయని ఎవరూ అనుకోరు. అది చూపించే పద్ధతి. ప్యానెల్ గీత అట్లాంటిదే, విమానం ఆకారం గురించి చెప్తుంది, దాని చరిత్ర గురించి ఏం చెప్పదు. మట్టి, మసి, బుల్లెట్ రంధ్రం వేరు. అవి ఈ విమానం ఎక్కడికి పోయింది, ఏం చేసింది, దానికి ఏమైంది అని చెప్తాయి. పద్ధతిలో స్వేచ్ఛ తీసుకోవచ్చు. సాక్ష్యంలో తీసుకోకూడదు.

ఇది బొమ్మకే కాదు అనిపిస్తోంది. ప్రతి సెప్టెంబర్ 17కి మన క్లాస్ గ్రూపులో ఒకే గొడవ. విమోచన దినం అని ఒకడు పెడతాడు, విలీన దినం అని ఇంకొకడు, సమైక్యతా దినం అని మరొకడు. పోయిన రెండు మూడేళ్ళలోనే ప్రభుత్వాలు మారేసరికి అధికారిక పేరు కూడా మారింది. ఒక్కో పేరూ ఒక్కో రంగు పూత. కొందరికి అంతా మెరుపు వార్నిష్, ఒక్క మరక ఉండొద్దు. కొందరికి అంతా మసే. రజాకార్ల హింస పోయిందని ఊళ్ళు ఊపిరి పీల్చుకున్న మాట నిజం. పోలీస్ యాక్షన్ తర్వాత కొన్ని జిల్లాల్లో ముస్లింలని చంపారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు ఇచ్చిందీ, అది దశాబ్దాల పాటు బయటికి రానిదీ నిజం. నిజాం పోయాక కూడా మా వైపు సాయుధ పోరాటం 1951 దాకా ఆగలేదనీ, అప్పుడు అటువైపు ఉన్నది భారత సైన్యమేననీ నిజం. ఈ మూడూ ఒకే విమానం మీద ఉండాల్సిన గుర్తులు. గ్రూపులో అరిచే ముందు ఎవరి మెసేజ్ పక్కనైనా కారణం ఒక లైన్లో రాయమంటే, నా లిస్టులో లాగే సగం రద్దవుతాయని నా నమ్మకం. నావి కూడా.

ఇంకో విషయం. నాయనమ్మ మాట తర్వాత మోడల్ తిరగేసి చూశా. పైభాగానికి మూడు వారాలు పెట్టా. కడుపు భాగానికి ఒక్క పూట. కిట్‌తో వచ్చిన కాగితంలో కూడా కింద భాగం బొమ్మ చిన్నగా ఒక మూలకి ఉంటుంది. డబ్బా మీద బొమ్మ ఎప్పుడూ పై నుంచో పక్క నుంచో ఉంటుంది, ఇంకో పైలట్ చూసినట్టు. షెల్ఫులో పెడితే మనం చూసేదీ అదే. కింద నుంచి చూసినవాళ్ళ వైపు నుంచి ఎవరూ గీయరు. లెక్కేసి చూశా, 1/72లో ఏడెనిమిదేళ్ళ పిల్ల ఎత్తు సెంటీమీటరున్నర. నా విమానం పక్కన పెడితే టైరు కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది.

మిగిలిన సెలవులన్నీ కడుపు భాగం మీదే పనిచేశా. చక్రాల గదుల తలుపుల అంచులు, వాడిన తూటాల ఖాళీ గొట్టాలు పడిపోయే సందులు, నూనె గీతలు, రెక్కల కింద అశోక చక్రాలు. అన్నిటికీ నోట్‌బుక్‌లో కారణం ఉంది. తర్వాత షెల్ఫులో పెట్టలేదు. మా ఇంటి వరండా దూలానికి గాలపు దారంతో కట్టి వేలాడదీశా. కింద నాయనమ్మ మంచం. పడుకుంటే కనిపించేది కడుపే.

తను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. "దుమ్ము పడతది, గుడ్డ గప్పరాదు" అంది. వద్దన్నా. ఇప్పుడు పడే మోతె దుమ్ముకి కారణం ఉంది కదా, ఉండనియ్యమన్నా. మొన్న ఫోన్ చేస్తే తెలిసింది, అమ్మ వారానికోసారి తుడిచేస్తోందట.

మీరు మోడల్స్ చేయకపోవచ్చు. రీల్ చేస్తారు, కథ రాస్తారు, పోస్టర్ వేస్తారు. పాత కాలపు ఫీల్ రావాలని ఫిల్టర్ పెడతారు. పెట్టే ముందు ఆ మరక పక్కన కారణం ఒక లైను రాయండి. రాయలేకపోతే, ఆ రోజుల్లో నేల మీద ఉన్నవాళ్ళు మీ ఇంట్లో ఇంకా ఎవరైనా ఉంటే ఈ సెలవుల్లోనే పోయి అడగండి. నేను కిట్ కొన్న తర్వాత అడిగా. కొనే ముందు అడగాల్సింది.